గేటు అవతలి తీగ

సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగేసరికి తెల్లవారింది. ఆగస్టు నెల. ఆకాశం మూసుకుని ఉంది కానీ వాన లేదు. గాలి ఆడటం లేదు. నా దగ్గర నల్ల ట్రంకుపెట్టె, పక్కబట్టలు చుట్టిన హోల్డాల్, మూవ్‌మెంట్ ఆర్డరు ఉన్నాయి. సరిహద్దు కొండల మీది మంచు సెక్టార్ నుంచి నేరుగా వస్తున్నాను. పెదవుల పగుళ్లు ఇంకా మానలేదు. ఉక్కపోతకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

ఆర్డరు పొట్టిగా ఉంది. నారాయణగూడ కార్యాలయంలో రిపోర్టు చేయాలి. కంప్యూటర్ల నెట్‌వర్క్ వేసి నడపాలి. తిరిగి పిలిచేదాకా అక్కడే ఉండాలి.

నేను పుట్టి పెరిగింది చిక్కడపల్లిలో. మా అన్నయ్య ఇల్లు అక్కడే, మా చర్చి సంఘం అక్కడే. సిగ్నల్స్ దళంలో చేరాక సొంత ఊరికి డ్యూటీ మీద రావడం ఆ ఒక్కసారే. తొంభైల మధ్య సంగతి ఇది. ఫిరంగుల మోత వినపడని చోటికి పోతున్నావు, అదృష్టవంతుడివి అని యూనిట్లో తోటివాళ్లు అన్నారు. దేవుడు నాకు విశ్రాంతి ఇచ్చాడనే నేనూ అనుకున్నాను.

కార్యాలయం మూడంతస్తుల కిరాయి భవనం. సైన్యంలో పనిచేసేవాళ్ల కుటుంబాల అవసరాలు చూడటం దాని పని. కింద హాలు, అందులో కుటుంబాలు కూర్చునే బల్లలు. మధ్య అంతస్తులో గుమాస్తాలు. పైన మేజర్ సాబ్ గది, సర్వర్ గది, మా మంచాలు. మేజర్ సాబ్ ఉత్తరాది మనిషి. తెలుగులో ఆయనకు వచ్చింది రెండే మాటలు, నమస్కారం, కూర్చోండి. హెడ్ క్లర్క్ రిటైరైన సుబేదార్, అశోక్‌నగర్‌లో ఉంటాడు, పాన్ నమలకుండా మాట్లాడడు. నాకు తోడుగా ఒక లైన్‌మన్‌ను ఇచ్చారు. నల్గొండ పక్క కుర్రవాడు. కొండల మీద డ్రమ్ము భుజాన వేసుకుని కిలోమీటర్ల కొద్దీ తీగ పరిచినవాడు. నన్ను ఉస్తాద్ అని పిలిచేవాడు.

మొదటి పని భవనం లోపల. వేలు లావు ఉన్న నల్ల తీగ. కింది హాలు నుంచి మెట్ల గోడ వెంబడి పైదాకా లాగాం. కంప్యూటర్ ఉన్న ప్రతి చోట తీగ కోసి, ఇంగ్లీషు టీ అక్షరం ఆకారపు ముక్క బిగించి, మళ్లీ కలిపాం. తీగ రెండు కొసలకూ మూతలు. వాటిలో ఒక్కటి వదులైనా మూడంతస్తులూ ఆగిపోతాయి. మొదటి వారంలో ఊడ్చే ఆమె చీపురు తగిలి రెండుసార్లు ఆగింది. లైన్‌మన్ తీగను వేళ్ల మధ్య పట్టుకుని కింద నుంచి పైకి నడిచేవాడు. టీ నీళ్లు మరిగేలోపు వదులైన చోటు దొరికేది.

రెండో పని గేటు అవతల. మా సర్వర్‌ను ఉత్తరాన ఉన్న రికార్డుల కార్యాలయంతో కలపాలి. మధ్యలో పద్దెనిమిది వందల కిలోమీటర్లు. అంత తీగ మేం వేయలేం. టెలిఫోన్ వాళ్ల దగ్గర లైను కిరాయికి తీసుకున్నాం. మా దగ్గర ఒక మోడెమ్, అవతల ఒక మోడెమ్. దీపం పచ్చగా వెలిగితే లైను ఉన్నట్టు. ఎర్రగా ఉంటే లేనట్టు.

దీపం మొదటిసారి పచ్చబడిన రోజు అవతలి ఆపరేటర్ ఫోన్ చేశాడు. గుంటూరు పక్కవాడని మాట వినగానే తెలిసింది.

"ఏవండీ హైదరాబాదూ, వినబడుతోందా? ఇక్కడ పచ్చ వెలిగిందండి."

"ఇక్కడా వెలిగింది."

"అయితే పంపిస్తున్నాను. కాస్త ఓపిక పట్టండి. మీ మేడ మీంచి కిందికి దిగినంత తేలిక కాదిది."

నిజమే. భవనం లోపల మీట నొక్కితే తెర మీద మనిషి వివరమంతా ఒక్కసారి పడేది. అవతలి నుంచి అదే వివరం చుక్కచుక్కగా వచ్చేది. అందుకే ప్రతి సాయంత్రం ఆఫీసు మూశాక అవతలి రికార్డుల నకలు మా సర్వర్‌లోకి దించుకునేవాళ్లం. మర్నాడు మూడంతస్తుల్లో ఎవరు చూసినా ఆ నకలునే చూసేవాళ్లు.

మా సంఘంలో కాలేజీ పిల్లలు ఇప్పుడు నన్ను అడుగుతుంటారు. లోకల్ ఏరియా నెట్‌వర్క్‌కూ వైడ్ ఏరియా నెట్‌వర్క్‌కూ తేడా ఏంది అంకుల్ అని. దూరం, వేగం, ఖర్చు అని పరీక్షలో రాయండని చెబుతాను. నాకు తెలిసిన తేడా ఒకటుంది. అది పరీక్షకు పనికిరాదు. గేటు లోపల తీగ తెగితే అందరికీ వెంటనే తెలుస్తుంది, పని ఆగుతుంది కాబట్టి. గేటు అవతల తీగ తెగితే లోపల ఎవరికీ తెలియదు. తెరలు వెలుగుతూనే ఉంటాయి. అడిగినదానికి జవాబు చెబుతూనే ఉంటాయి. నిన్నటి జవాబు.

లైన్‌మన్‌కు నా ప్రార్థన వింతగా ఉండేది. పొద్దున మంచం దిగి మోకాళ్ల మీద ఉంటే పక్కనే కూర్చుని బూట్లు తుడుచుకునేవాడు.

"మీ దేవునితోని మాట్లాడనీకె తీగ ఎవరు గుంజిండ్రు ఉస్తాద్?"

"తీగ లేదు. అందుకే తెగదు."

"గట్లయితె నా నౌకరి గోవిందా."

సుగుణమ్మ గారు ఆ కార్యాలయానికి రావడం సెప్టెంబరులో మొదలైంది. మా సంఘంలో స్త్రీల ప్రార్థన కూడిక నడిపే మనిషి. అశోక్‌నగర్‌లో, హుస్సేన్‌సాగర్ నీళ్లు పోయే కాలువ నాలా దగ్గరి గల్లీలో ఉంటుంది. భర్త పోయాక బట్టలు కుట్టి కొడుకును పెంచింది. ఆ కొడుకు ప్రభాకర్‌కు నేను సండే స్కూల్లో పాఠాలు చెప్పాను. ఉపమానం సగం చెప్పకముందే మిగతా సగం చెప్పేసేవాడు. నన్ను చూసే సైన్యంలో చేరాడు. ఆ ఏడు మంచు సెక్టార్‌లో ఉన్నాడు, నేను వదిలి వచ్చిన చోటికి పైన ఉన్న కాపలా పోస్టులో.

అతని ఉత్తరాలు ఆలస్యమయ్యాయి. ఆమె వచ్చి కింద బల్ల మీద కూర్చునేది. నేను తెర చూసి చెప్పేవాణ్ణి. డ్యూటీలో ఉన్నాడమ్మా, నిన్న సాయంత్రం దాకా అదే. ఆమె స్తోత్రం అని లేచి వెళ్లిపోయేది.

ఒక గురువారం మధ్యాహ్నం రేడియోలో వార్త వచ్చింది. మంచు సెక్టార్‌లో ఒక పోస్టు మీద మంచు చరియ పడింది. ఏ పోస్టో చెప్పలేదు, పేర్లు చెప్పలేదు. అదే మధ్యాహ్నం ఇక్కడ వాన మొదలైంది. హుస్సేన్‌సాగర్ నీళ్లు వదిలారు. నాలా పొంగి లోయర్ ట్యాంక్ బండ్ నుంచి అశోక్‌నగర్ దాకా గల్లీలు మునిగాయి. నాలుగు గంటలకు మోడెమ్ దీపం ఎర్రబడింది.

గురువారం సాయంత్రపు నకలు రాలేదు. సర్వర్‌లో ఉన్నది బుధవారానిది.

మేమిద్దరం తీగ వెంట బయల్దేరాం. మా గేటు దాకా లైను బాగానే ఉన్నట్టు మల్టీమీటర్ చూపించింది. చెడింది ఆ తర్వాత. టెలిఫోన్ వాళ్లలో తీగలు అతికే జాయింటర్ చిక్కడపల్లి వైపు రోడ్డు మలుపులో ఒక గుంట చూపించాడు. వందల జతల తీగలు కలిసే చోటు. గుంట నిండా నాలా నీళ్లు. లైన్‌మన్ ప్యాంటు మడిచాడు. జాయింటర్ ఆపాడు.

"దిగకు తమ్మీ. ఇండ్ల మీ లైనొక్కటే లేదు. నీళ్లల్ల జాయింటు కొడ్తే మల్ల రేపే పోతది. జర ఎండనియ్యిరి."

"నాకొక డ్రమ్ము తీగ ఇయ్యిరి. ఎక్స్ఛేంజి దాకా ఇప్పుడే గుంజుకుపోత" అన్నాడు లైన్‌మన్.

"ఇది నీ బార్డర్ కాదు" అన్నాడు జాయింటర్. కోపంగా అనలేదు.

శుక్రవారమంతా ఆ గుంట దగ్గరే ఉన్నాం. శనివారం కూడా. తోడిన నీళ్లు తోడినట్టే నిండాయి. శనివారం ఆఫీసు ఒక్కపూట. మేం బురద బూట్లతో తిరిగొచ్చేసరికి తాళం పడింది.

ఆదివారం ఆరాధనకు చిక్కడపల్లి వెళ్లాను. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పాటల తర్వాత, ప్రసంగానికి ముందు, ఆ వారం దేవుడు మేలు చేసినవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. సుగుణమ్మ గారు లేచింది. చీర కొంగు తల మీద సర్దుకుంది. మంచు జారిన వార్త విని రెండు రోజులు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని చెప్పింది. శనివారం పొద్దున ఆఫీసుకు పోతే హెడ్ క్లర్క్ గారు కంప్యూటర్‌లో చూపించారంది. ప్రభాకర్ డ్యూటీలో ఉన్నాడని రాసి ఉందట. నమ్మలేక మళ్లీ అడిగితే ఆయన పై అంతస్తుకు వెళ్లి ఇంకో కంప్యూటర్‌లో కూడా చూసి వచ్చాడట.

"ఇద్దరు సాక్షులు చెప్పినంక ఇంకేం కావాలె?" అంది. "నా కొడుకు బతికిండు. దేవునికి స్తోత్రం."

మందిరమంతా ఒక్క గొంతుతో ఆమేన్ అంది. నా పక్కనున్న ముసలాయన ఏడ్చాడు. పాస్టర్ గారు కృతజ్ఞతా ప్రార్థన చేశారు. వచ్చే శనివారం సాయంత్రం ఆమె ఇంట్లో కృతజ్ఞత కూడిక అని ప్రకటించారు. నా నోట్లోంచి ఆమేన్ రాలేదు. మాట ఇద్దరి ముగ్గురి నోట స్థిరపడాలని చిన్నప్పటి నుంచి బైబిల్ వాక్యంలో నేర్చుకున్నవాళ్లం మేం. ఆమె లెక్క సరిగ్గానే వేసింది. ఆ రెండు తెరలూ చూసేది ఒకే బుధవారాన్ని అని ఆమెకెలా తెలుస్తుంది? మందిరంలో రెండు వందల మందిమి ఉన్నాం. నేను తప్ప అందరూ ఒకే మాట అన్నారు. అందరం విన్నది ఒకే చోటు నుంచి.

ఆరాధన అయ్యాక రేకుల షెడ్డు కింద ఆమెను ఆపాను. సంఘపెద్ద ఒకాయన పక్కనే ఉన్నాడు.

"అమ్మా, లైను తెగిపోయి ఉన్నది. మీకు చూపిచ్చింది బుధవారం సంగతి. మంచు జారింది గురువారం."

"పై మెషీన్ల గూడ అదే ఉన్నదట గద బిడ్డా."

"రెండూ ఒక్క నకలే చదువుతయి. ఇద్దరు సాక్షులు కాదమ్మా. ఒక్కరే."

ఆమె నా ముఖంలోకి చూసింది. "అయితె మా పిలగాడు లేడంటున్నవా?"

"అట్ల అంటలేను. నాకు తెల్వదు అంటున్న. ఆ మెషీన్లకు గూడ తెల్వదు."

సంఘపెద్ద నా భుజం మీద చెయ్యి వేశాడు. "బ్రదర్, నీ చదువు మంచిదే. విశ్వాసంల నిలబడ్డ మనిషిని కదిలియ్యకు."

"ఆయనేం కదిలిస్తలేడన్నా. తెల్వదన్నడు, గంతే" అంది సుగుణమ్మ గారు. తర్వాత నాతో అంది. "నువ్వు లైను బాగ చెయ్యి బిడ్డా. నేను ప్రార్థన చేస్త. కూడిక మాత్రం ఆపను. స్తోత్రం చెప్తనని దేవునికి మాటిచ్చిన."

సోమవారం హెడ్ క్లర్క్‌కు విషయం చెప్పాను. ఆయన పాన్ నమలడం ఆపాడు. తెర మీద వివరం వెంటనే పడింది కాబట్టి తాజాదే అనుకున్నానన్నాడు. ఆ తర్వాత ఆయన చేసిన పని ఒకటుంది. కాగితాల మీద ఎర్ర సిరాతో, లైను లేదు, ఇది బుధవారం సమాచారం అని రాసి మూడంతస్తుల్లో ప్రతి తెర మీద తానే అంటించాడు. ఆ వారమంతా ఆమె వచ్చినప్పుడల్లా ఎదురుగా నిలబడలేక లోపలికి వెళ్లిపోయేవాడు.

ఆఫీసు ఫోను వేరే కేబుల్ మీద ఉంది, అది చెడలేదు. మేజర్ సాబ్‌ను అనుమతి అడిగాను, ట్రంక్ కాల్‌లో పేరు చెప్పి కనుక్కుంటానని. ఒప్పుకోలేదు. మంచు కింద వెతుకులాట ముగియలేదు. ఖాయం కాని పేరు మామూలు ఫోన్ మీద వెళ్లకూడదు. అది రూలు. ఆ రూలు ఎందుకు పెట్టారో నాకు తెలుసు. అయినా లైను పరీక్ష కోసం అవతలి ఆపరేటర్‌తో మాట్లాడినప్పుడు అడిగేశాను. పేరు చెప్పలేదు. పోస్టు చెప్పాను.

"ఏవండీ, ఆ మాట మీరు అడగకూడదు. నేను చెప్పకూడదు. మీకు తెలియంది కాదు కదా."

తెలుసన్నాను. అతను ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు. గరగర శబ్దం వినబడుతూనే ఉంది. ముందు అతనే పెట్టాడు.

ఆ వారం నేను ఉపవాసం ఉండి ప్రార్థించాను. ఏమని ప్రార్థించాలో తెలియలేదు. లైను త్వరగా బాగుపడాలని అడగబోయి ఆగిపోయేవాణ్ణి. జరిగింది గురువారమే జరిగిపోయింది. వచ్చేది వార్త మాత్రమే. అది రాకుండా ఉన్నంతసేపు ఆ ఇంట్లో అతను బతికే ఉన్నాడు. ఒకరోజు లైన్‌మన్ అడిగాడు, మీది తీగ లేని లైను కద ఉస్తాద్, అక్కడేమన్న తెలిసిందా అని. ఎగతాళిగా అడగలేదు. లేదన్నాను.

శుక్రవారం ఎండ కాసింది. శనివారం పొద్దున గుంట అడుగు కనబడింది. జాయింటర్ గుడ్డ పరిచి కూర్చుని జత తర్వాత జత కలిపాడు. మధ్యాహ్నం రెండు దాటాక దీపం పచ్చబడింది.

సాయంత్రం దాకా ఆగకుండా నకలు అప్పుడే దించమని మేజర్ సాబ్ ఆర్డరు. ఫ్యాను కింద నేను, లైన్‌మన్, హెడ్ క్లర్క్ నిలబడ్డాం. వరుస తర్వాత వరుస వచ్చింది. నేను ప్రభాకర్ నంబరు కొట్టాను. బుధవారం ఉన్న మాట అక్కడ లేదు. దాని చోట వేరే మాట ఉంది. పక్కన గురువారం తేదీ ఉంది.

హెడ్ క్లర్క్ ఆ తెర మీది ఎర్ర సిరా కాగితం ఊడదీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి మేజర్ సాబ్ గదిలో ప్రింటర్ మోగింది. ఆయన పేర సిగ్నల్, సైన్యం అధికారిక సందేశం, వచ్చింది. ఆయన టోపీ పెట్టుకుని బయటికొచ్చారు. నువ్వు కూడా రా, ఆమెకు నా భాష అర్థం కాదు అన్నారు. నేను యూనిఫారం మార్చుకున్నాను. బెల్టు బిగించుకున్నాను.

జీపు గల్లీలోకి పోదు. మలుపులో దిగి నడిచాం. నాలా నీళ్లు తీసిపోయి గోడల మీద నడుము ఎత్తున బురద చార మిగిలింది. ఆమె ఇంటి ముందు టెంట్ హౌస్ కుర్చీలు వేసి ఉన్నాయి. ఇనుప కుర్చీలు, వరుసలుగా, వాకిలి వైపు తిప్పి. పక్కన పొయ్యి మీద పెద్ద గిన్నె. సన్నగా తుంపర మొదలైంది.

ఆమె లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మేజర్ సాబ్‌ను చూసింది. నన్ను చూసింది. నా యూనిఫారం చూసింది.

"లైనొచ్చిందా బిడ్డా?"

"వచ్చిందమ్మా."

అంతే. నేను కంఠస్థం చేసుకుని వెళ్లిన మాటలు ఏవీ అవసరం పడలేదు. మేజర్ సాబ్ సెల్యూట్ చేశారు. ఆయన హిందీలో చెప్పింది నేను తెలుగులో చెప్పాను. ఆమె ప్రతి వాక్యానికీ తల ఊపింది. దేహం ఎప్పుడొస్తుంది అని అడిగింది. మంచు ఇంకా ఇవ్వలేదని చెప్పాను. దేహాల కోసం వెతుకుతున్నారని చెప్పాను. అది నిజం. ఆ తర్వాత కూడా దొరకలేదు.

ఆరు గంటలకు సంఘం వచ్చింది. కూడికకని వచ్చారు. పిల్లలకు మంచి బట్టలు వేశారు, చేతుల్లో పాటల పుస్తకాలు. మలుపు తిరిగేదాకా నవ్వుతూ వచ్చారు. యూనిఫారాలు చూసి ఒక్కొక్కరే ఆగిపోయారు. పాస్టర్ గారు సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగం చెప్పలేదు. ఆ సంఘపెద్ద నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నాకు ఆయన మీద కోపం లేదు.

నవంబరులో నాకు తిరుగు ఆర్డరు వచ్చింది. నెట్‌వర్క్ లైన్‌మన్‌కు అప్పగించాను. అప్పటికి ప్రతి తెర కింది భాగంలో నకలు వచ్చిన రోజు, గంట కనబడేలా మార్పించాను. మళ్లీ ట్రంకుపెట్టె, హోల్డాల్, సికింద్రాబాద్ స్టేషన్. రైల్లో, తర్వాత ట్రక్కులో, ఆపైన నడక. మంచు మీదికి చేరాను. ప్రభాకర్ పోస్టు ఉన్న గట్టు మా బంకర్ నుంచి కనబడేది. పొద్దునే ఎండ పడితే తెల్లగా, ఏమీ జరగనట్టుగా ఉండేది. ఆ వైపు చూస్తూ ప్రార్థన చేసేవాణ్ణి. ఇరవై రెండేళ్ల సర్వీసు ముగించి ఇంటికొచ్చాను. ఈ రోజుకూ ఆదివారం తప్పను. నా దేవుడికి వార్త ఆలస్యంగా చేరుతుందని నేను నమ్మను. ఆలస్యంగా చేరేది మనకే. ఆ మధ్యకాలంలో మనం పాడిన స్తోత్రాలను ఆయన ఏం చేస్తాడో నాకు తెలియదు. పాస్టర్ గారిని అడిగాను. ఆయనకూ తెలియదు.

గట్టు మీది మంచు కలలోకి రాదు. ఫిరంగులు రావు. వచ్చేది ఆ గల్లీ. మేజర్ సాబ్ చెప్పడం అయిపోయింది. సంఘం ఇంకా రాలేదు. తుంపరకు కుర్చీలన్నీ తడిశాయి. సుగుణమ్మ గారు మమ్మల్ని దాటుకుని వాకిట్లోకి దిగింది. కొంగు చేతికి చుట్టుకుంది. మొదటి వరుసలో మొదటి కుర్చీ తుడిచింది. రెండోది తుడిచింది. నేను అడ్డుపోయి, వద్దమ్మా అన్నాను.

"వస్తున్నరు గద బిడ్డా. యాడ కూసుంటరు?"

ఆమె వరుస చివరిదాకా వెళ్లింది. వెనక ఆమె తుడిచిన కుర్చీల మీద మళ్లీ చినుకులు పడుతున్నాయి. తిరిగి మొదటి కుర్చీ దగ్గరికి వచ్చి మళ్లీ మొదలుపెట్టింది.